లాప్‌టాప్ రెండో యజమాని గోడు ఎవరికి పట్టింది?

ఈ మధ్య మన ఆఫీసుల్లో ఎవరు కొత్త లాప్‌టాప్ కొన్నా దానితో పాటు ఇంకో వస్తువు కూడా కొంటున్నారు, డాంగిల్. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, లక్ష రూపాయల మెషీన్ వెనకాల రెండు వేల రూపాయల తోక. నెట్ కేబుల్ పెట్టాలంటే డాంగిల్, ప్రొజెక్టర్‌కి డాంగిల్, కెమెరా కార్డుకి డాంగిల్. డీవీడీ డ్రైవ్ ఎప్పుడో పోయింది. ఊడదీసే బ్యాటరీ పోయింది. ర్యామ్ వేసుకునే స్లాట్ కూడా పోతోంది. నేను బీటెక్‌లో చేరిన 2015లో ముప్పై వేల లాప్‌టాప్‌లో ఉన్న సౌకర్యాలు ఇప్పుడు లక్ష పెట్టినా చాలా మోడళ్ళలో దొరకట్లేదు.

ఎందుకిలా అని అడిగితే క్యాంటీన్ చర్చల్లో రెండే సమాధానాలు. "సన్నగా చెయ్యాలంటే తప్పదు బాస్" అని ఒక వర్గం. "అంతా దోపిడీ" అని ఇంకో వర్గం. రెండిట్లోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ వదిలేసిన ముక్క ఒకటుంది, నా లెక్కలో అదే అసలుది. కంపెనీలు పీకేస్తున్న వాటి జాబితా ఒకసారి తీరిగ్గా చూడండి. వాటిలో ఎక్కువ భాగం లాప్‌టాప్‌ని కొత్తగా కొన్నవాడి కంటే, నాలుగేళ్ళ తర్వాత దాన్ని వాడేవాడికి పనికొచ్చేవి. ఆ రెండోవాడు షోరూమ్‌కి రాడు. కంపెనీకి పైసా కట్టడు. అందుకే వాడికి కావలసినవి ముందు పోతాయి.

సరే, ముందు కంపెనీల తరఫున మాట్లాడదాం. న్యాయంగా ఉండాలి కదా.

2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించాడు. డీవీడీ డ్రైవ్ లేదు, ఈథర్నెట్ లేదు, బ్యాటరీ మనం తీసేది కాదు. అప్పట్లో అందరూ వెక్కిరించారు. మూడేళ్ళు తిరిగేసరికి, 2011లో, ఇంటెల్ "అల్ట్రాబుక్" అని పేరు పెట్టి అందరినీ అదే దారిలోకి లాగింది. 13.3 అంగుళాల మెషీన్ 18 మిల్లీమీటర్లు దాటకూడదు, 14 అంగుళాలైతే 21 దాటకూడదు అని కొలత పెట్టింది. దీని కోసం 30 కోట్ల డాలర్ల నిధి కూడా ప్రకటించింది. ఇప్పుడు లెక్క చూడండి. లాప్‌టాప్ డీవీడీ డ్రైవ్ మందం 9.5 లేదా 12.7 మిల్లీమీటర్లు. దాని మీద కీబోర్డు, బోర్డు, పైన స్క్రీన్. 18లో ఎక్కడ దూరుస్తారు? నెట్ కేబుల్ పెట్టే సాకెట్‌దీ అదే బాధ, తెరిచి మూసే దవడ లాంటిది పెడితే తప్ప పట్టదు.

వీజీఏ పోవడం కూడా న్యాయమే. 1987లో ఐబీఎం తెచ్చిన అనలాగ్ పద్ధతి అది. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ కలిసి, డెల్, లెనోవో, శాంసంగ్, ఎల్‌జీలను పక్కన పెట్టుకుని, 2015 కల్లా దీన్ని సాగనంపుతామని ముందే చెప్పేశాయి. చెప్పి చేశారు కాబట్టి వాళ్ళని తిట్టలేం.

బ్యాటరీ సంగతి. పాత బ్యాటరీ విప్పి చూసినవాళ్ళకి తెలుసు, లోపల పెన్సిల్ సెల్‌కి పెద్దన్నల్లాంటి గుండ్రటి సెల్స్ ఉంటాయి. వాటిని 18650 అంటారు, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. సెల్లే 18 ఉంటే మెషీన్ 18 ఎలా అవుతుంది? అందుకని అప్పడంలా పల్చగా ఉండే పౌచ్ సెల్స్‌కి మారారు. పైన గట్టి ప్లాస్టిక్ డొల్ల, కొక్కెం, ఇవేవీ అక్కర్లేదు. అదే చోటులో ఎక్కువ చార్జ్ పడుతుంది. దీన్నీ ఒప్పుకోవాల్సిందే.

ర్యామ్ అయితే ఇంకా గట్టి కారణం. మామూలు డీడీఆర్5 స్టిక్ లాప్‌టాప్‌లలో 5600 దగ్గర నడుస్తుంటే, బోర్డుకి అతికించే ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ 7500, 8533 దాకా పోతుంది. తక్కువ కరెంటు తాగుతుంది. ప్రాసెసర్‌కి ఎంత దగ్గరుంటే సిగ్నల్ అంత శుభ్రంగా ఉంటుంది, స్లాట్ మధ్యలో వస్తే చెడుతుంది. ఇదేదో సాకు అనుకోకండి. రిపేరుకి అనుకూలంగా చెయ్యడమే వ్యాపారంగా పెట్టుకున్న ఫ్రేమ్‌వర్క్ కంపెనీ కూడా 2025లో తన డెస్క్‌టాప్‌కి ర్యామ్ అతికించే ఇచ్చింది. ఏఎండీతో కలిసి ప్రయత్నించాం, ఆ చిప్‌కి కావలసిన వేగం స్లాట్‌తో రాలేదు అని చెప్పింది.

ఇక్కడిదాకా నేను కంపెనీల వకీలుని. ఇక్కడి నుంచి కాదు :)

మన మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో చాలామందికి తెలిసిన థింక్‌ప్యాడ్‌నే తీసుకుందాం. 2018లో వచ్చిన టీ480లో లోపల ఒక బ్యాటరీ, వెనకాల ఊడదీసే ఇంకో బ్యాటరీ. మెషీన్ ఆపకుండానే వెనకది మార్చుకోవచ్చు. ర్యామ్‌కి రెండు స్లాట్లు. మరుసటి ఏడాది టీ490 వచ్చింది. వెనక బ్యాటరీ పోయింది. ర్యామ్ కొంత బోర్డుకి అతికించి ఒక్క స్లాట్ మిగిల్చారు. ఇంత చేసి మందం ఎంత తగ్గించారయ్యా అంటే 19.95 నుంచి 17.9కి. రెండు మిల్లీమీటర్లు! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. ఆ రెండు మిల్లీమీటర్ల కోసం ఏ ఉద్యోగైనా ధర్నా చేశాడా?

యాపిల్‌దీ ఇదే కథ. 2016 మ్యాక్‌బుక్ ప్రోలో ఎచ్‌డీఎమ్‌ఐ, మెమరీ కార్డు స్లాట్, అయస్కాంతంతో అంటుకునే చార్జర్ మూడూ తీసేశారు. భవిష్యత్తు అంతా యూఎస్‌బీ-సీనే అన్నారు. ఐదేళ్ళ తర్వాత, 2021 అక్టోబరులో, ఆ మూడూ మళ్ళీ పెట్టారు. 2016 నాటి 13 అంగుళాలది 14.9 మిల్లీమీటర్లు, 2021 నాటి 14 అంగుళాలది 15.5. భౌతికశాస్త్రం మధ్యలో మారలేదు కదా. డబ్బున్న కొనుగోలుదారులు అడిగారు, ఇచ్చారు. అయితే వాళ్ళు అడిగినవే వచ్చాయి. ర్యామ్ స్లాట్ రాలేదు, ఎందుకంటే దాన్ని అడిగేవాడు వేరే.

ఇక పైసల లెక్క. ఒక సాకెట్ తీసేస్తే మిగిలేది చిల్లరే. కానీ లక్షల్లో చేసేవాడికి చిల్లరే లాభం. దీనికి తాజా ఉదాహరణ చెప్తాను, వింటే మీకూ ఒళ్ళు మండుతుంది. ఎచ్‌ఈవీసీ వీడియోని తేలిగ్గా ఆడించే సర్క్యూట్ ఈనాటి ప్రాసెసర్లలో అచ్చయ్యే ఉంటుంది. ఎచ్‌పీ, డెల్ కంపెనీలు కొన్ని మోడళ్ళలో దాన్ని పని చెయ్యకుండా ఆపేశాయని 2025లో బయటపడింది. కారణం అవి విడమరిచి చెప్పలేదు కానీ, ఆ పేటెంట్ల రుసుము ఒక్కో మెషీన్‌కి పాతిక సెంట్ల లోపు ఉంటుందని, అది పెరుగుతోందని అందరికీ తెలిసిందే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

చిల్లర సంగతి పక్కన పెడితే పెద్ద నోటు ర్యామ్‌లో ఉంది. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 8 జీబీ బదులు 16 కావాలంటే 2024 దాకా మన దేశంలో ఇరవై వేలు అదనం. అప్పట్లో మామూలు 8 జీబీ స్టిక్ బయట రెండు వేల చిల్లర. రెండూ ఒకే రకం ర్యామ్ కాదు, ఒప్పుకుంటాను. కానీ పద్దెనిమిది వేల తేడాకి అదొక్కటే కారణమంటే నమ్మబుద్ధి కాదు. స్లాట్ ఉంటే రేపు ఎప్పుడో బయట వేసుకుందువు. స్లాట్ లేకపోతే కొన్న రోజే, వాళ్ళ దగ్గరే, వాళ్ళు చెప్పిన ధరకే. పైగా 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు ఎగిశాయి. ఇలాంటప్పుడే స్లాట్ విలువ తెలిసేది, ఇప్పుడు తక్కువతో కొని ధర దిగాక వేసుకునే వీలుండేది.

ఇప్పుడు అసలు సంగతి. రెండో యజమాని ఎవరు?

అమెరికాలో ఎలా ఉంటుందో గానీ మా వైపు, అంటే నల్గొండ, పాలమూరు ఊళ్ళల్లో, లాప్‌టాప్‌కి ఒక వంశవృక్షం ఉంటుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్న కొంటాడు. మూడు నాలుగేళ్ళకి కొత్తది తీసుకుని, పాతది దేవరకొండలో డిగ్రీ చదివే చెల్లెకిస్తాడు. చెల్లె చదువైపోయాక అది కల్వకుర్తిలో మేనమామ బిడ్డకి పోతుంది. ఆఫర్‌లో కొత్తది కొనొచ్చుగా అని మనం ఏసీలో కూర్చుని అంటాం గానీ, పత్తి ధర చూసి ఫీజు కట్టే ఇంట్లో ముప్పై వేలు చిన్న మాట కాదు. ఆఫీసుల నుంచి లాట్లలో బయటికొచ్చే మెషీన్లదీ ఇదే దారి. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, అక్కడ పాత టీ480 తీసుకుని, కొత్త ర్యామ్ వేసి, ఎస్ఎస్‌డీ మార్చి, కొత్త బ్యాటరీ తగిలించి ఊరికి పట్టుకుపోయిన పిల్లలు ఎంతమందో. ఆ ర్యామ్, ఆ ఎస్ఎస్‌డీ, ఆ బ్యాటరీ, మూడింటికీ ద్వారం ఉండబట్టే అది సాధ్యమైంది.

ద్వారం మూస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా బావ నాలుగేళ్ళు వాడిన సన్నపాటి లాప్‌టాప్ ఒకటి మా చిన్నమ్మ కొడుక్కి ఇచ్చాడు. ఏ కంపెనీదో వద్దులెండి. వాడు బీటెక్ రెండో సంవత్సరం. ఆరు నెలలకి బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకుపోతే బ్యాటరీ ఒక్కటే ఇవ్వం అన్నారట. అది కీబోర్డు ఉన్న పై భాగానికి జిగురుతో అంటించి ఉంటుంది కాబట్టి మొత్తం ముక్క మార్చాలి, పంతొమ్మిది వేలు. ఆ లాప్‌టాప్ అమ్మితే వచ్చేదే ఇరవై. వాడు ఫోన్ చేసి, "అన్నా, బ్యాటరీ కోసం పోతే సగం లాప్‌టాప్ కొనుక్కోమంటుండ్రే. ఇగ దీన్ని అటుక మీద పెట్టుడేనా?" అన్నాడు.

వాణ్ణి వెంటబెట్టుకుని సీటీసీకి పోయాను. అక్కడి మెకానిక్ వేడి గాలి పెట్టి, సన్న దారంతో జిగురు కోస్తూ, "తమ్మీ, జర దూరం జరుగు. గట్టిగ గుంజితే మంటలొస్తయి" అన్నాడు. నలభై నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశాం. నాలుగున్నర వేలకి పని అయింది, గ్యారంటీ లేదు. ర్యామ్ అడిగితే నవ్వాడు. 8 జీబీ బోర్డుకి అతికి ఉంది, అంతే. ఒకప్పుడు ఒక కొక్కెం నొక్కితే అయ్యే పనికి ఇప్పుడు నిప్పుతో చెలగాటం. దీన్ని ప్రగతి అనాలంటే నాకు నోరు రావట్లేదు.

"ఎవరూ వాడట్లేదు కాబట్టి తీసేశాం" అని కంపెనీలు అంటాయి కదా, ఆ మాట సంగతి చూద్దాం. వాళ్ళు అడిగేది ఎవరిని? పెద్ద ఆర్డర్లిచ్చే ఆఫీసుల్ని, కొత్తవి కొనేవాళ్ళని. కొత్త మెషీన్‌కి మొదటి మూడేళ్ళు బ్యాటరీ మార్చే అవసరం రాదు, ర్యామ్ చాలకపోవడం ఉండదు, వైఫై బాగానే పట్టే ఆఫీసులో నెట్ కేబుల్ అక్కర్లేదు. సరిగ్గా అప్పుడు లెక్కపెడితే వాడేవాళ్ళు సున్నాయే వస్తారు. వర్షాకాలంలో గొడుగు అమ్మేవాడు ఎండాకాలంలో సర్వే చేసినట్టు.

రెండోవాడి దగ్గర లెక్కపెట్టమనండి. మా వైపు కాలేజీల్లో సెమినార్ హాలు కప్పుకి బిగించిన ప్రొజెక్టర్ పదేళ్ళు కదలదు, దాని నుంచి వేలాడేది నీలం తల ఉన్న వీజీఏ కేబులే. నెట్ సంగతి ఇంకా తమాషా. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్ళల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఉమ్మడి పాలమూరులో ఇంటిదాకా నెట్ కేబుల్ రావడం ఇప్పుడిప్పుడే మొదలవుతుంటే, లాప్‌టాప్‌లో ఆ కేబుల్ పెట్టే సాకెట్ అప్పటికే మాయం. వీజీఏ పోవడం న్యాయమే అన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. కానీ ఆ న్యాయం అయ్యే ఖర్చు, డాంగిల్ రూపంలో, కంపెనీ కట్టట్లేదు. ఆ పిల్లవాడు కడుతున్నాడు.

ఇందులో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ వాటా కూడా ఉందండోయ్. ర్యామ్ స్లాట్ అవసరం ఎందుకొస్తోంది? నాలుగేళ్ళ కింద 8 జీబీలో హాయిగా నడిచింది ఇప్పుడు నడవట్లేదు కాబట్టి. చాట్ చెయ్యడానికి ఒక బ్రౌజర్ మొత్తాన్ని వెంటేసుకొచ్చే యాప్‌లు రాసేది మన జాతే. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. 2017 నాటి టీ470 బ్యాటరీ మార్చుకోవచ్చు, ర్యామ్ వేసుకోవచ్చు, మెషీన్ గుర్రంలా ఉంటుంది. కానీ ఆ తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. లైనక్స్ వేసుకుంటే ఇంకో ఐదేళ్ళు నడుస్తుంది, అది వేసిచ్చేవాడు ఊళ్ళో ఉంటే. హార్డ్‌వేర్ వాడు తలుపు మూస్తుంటే మనం లోపల సామాను పెంచుతున్నాం.

మరి ఏం చెయ్యాలి? "కొనకండి" అని నేను చెప్పను, నా బల్ల మీద ఉన్నదీ సన్నదే. కానీ మూడు పనులు మన చేతుల్లో ఉన్నాయి.

ఒకటి, ఆఫీసు కొనుగోళ్ళు. వెయ్యి మెషీన్లు ఆర్డరిచ్చే కంపెనీ మాట వింటారు, ఒక్కటి కొనే మన మాట వినరు. 2024లో లెనోవో, ఐఫిక్సిట్ సంస్థతో కలిసి టీ14 ఐదో తరాన్ని తయారు చేసింది. ర్యామ్‌కి మళ్ళీ రెండు స్లాట్లు, ఎవరైనా మార్చుకోగలిగే బ్యాటరీ. ఐఫిక్సిట్ పదికి తొమ్మిది మార్కులు వేసింది. అదే ఏడాది థింక్‌ప్యాడ్ పీ1లో ఎల్‌పీక్యామ్2 అనే కొత్త రకం ర్యామ్ పలక వచ్చింది. అతికించే ర్యామ్ వేగం, విప్పుకునే వీలు రెండూ ఉన్నాయి. అంటే "కుదరదు" అన్నది చాలా చోట్ల కుదురుతోంది. మీ కంపెనీలో మెషీన్లు ఎంపిక చేసే మీటింగులో మీరుంటే, ర్యామ్ స్లాట్, బ్యాటరీ అని రెండు గడులు ఆ ఎక్సెల్ షీట్‌లో చేర్చండి. ఎక్సెల్‌లో లేనిది ఈ లోకంలో లేనట్టే.

రెండు, మన సొంత కొనుగోలు. మందం, బరువు, స్క్రీన్ చూసినట్టే సర్వీస్ మాన్యువల్ కూడా ఒకసారి చూడండి. బ్యాటరీ స్క్రూలతో ఉందా, జిగురుతో ఉందా? ఎస్ఎస్‌డీ విడిగా వస్తుందా? ర్యామ్ అతికించిందే అయితే, ఇచ్చేవాణ్ణి కూడా తలుచుకుని 16 బదులు 32 తీసుకోగలరా? పది నిమిషాల పని.

మూడు, చట్టం. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్‌లకి కూడా రిపేర్ మార్కులు డబ్బా పక్కనే చూపించాలి. యూరప్‌లో చిన్న పరికరాల బ్యాటరీలు వాడేవాడే తీసుకునేలా ఉండాలన్న నియమం 2027 ఫిబ్రవరి నుంచి వర్తించేలా పెట్టారు. మన దగ్గర 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. తర్వాత రిపేర్ సూచిక కోసం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. కానీ అది ముందుగా పెట్టుకున్నది ఫోన్లు, ట్యాబ్లెట్లని. లాప్‌టాప్‌ని కూడా చేర్చమని అడగాల్సింది దాని మీదే బతికే మనం కాకపోతే ఎవరు?

"కంపెనీకి ఇవన్నీ చెయ్యాల్సిన ఖర్మేంటి, మార్కెట్ కదా" అంటారు కొందరు మిత్రులు. మార్కెట్టే, కాదనను. కానీ మార్కెట్‌లో కొనేవాడే మాట్లాడతాడు. చేతులు మారాక వాడేవాడికి అక్కడ కుర్చీ లేదు. వాడి అన్న, వాడి అక్క మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నారు, మనమే. వాడి తరఫున అడగడానికి మనకి ఎక్కువ ఖర్చు కూడా కాదు.

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మే 6న ఐటీ టవర్ ప్రారంభించారు. అదే రోజు అక్కడే అమరరాజా వాళ్ళ లిథియం సెల్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. అవి బండ్ల సెల్సే ఎక్కువ, లాప్‌టాప్‌లవి కావు, తెలుసు. అయినా లిథియం సెల్ తయారు చెయ్యబోయే జిల్లాలో ఒక పిల్లవాడు ఉబ్బిన సెల్ మార్చుకోలేక లాప్‌టాప్ మూల పడేశాడంటే చాలా వింతగా ఉంటుంది.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లో అటక మీద ఎన్ని లాప్‌టాప్‌లు ఉన్నాయో చూడండి. వాటిలో ఎన్ని నిజంగా పాడయ్యాయి, ఎన్ని జిగురు వల్ల, అతికించిన ర్యామ్ వల్ల మూలపడ్డాయి? మా ఇంట్లో మూడింట్లో రెండు రెండో రకం. మీ ఇంట్లో?